చింతపిప్పితో తోమిన గుల్లలు

పెద్ద బాబా గదిలో ఏసీ ఆగిందంటే తూకం మొదలైందని అర్థం. కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఎండల్లో కూడా ఆయన ఏసీ ఆపేవాడు, ఫ్యాను ఆపేవాడు, కిటికీలు బిగించేవాడు. చెమట కంట్లోకి కారకుండా తలకు గుడ్డ చుట్టుకుని, బంగారం అంగట్లో ఉండేలాంటి చిన్న త్రాసు ముందు కూర్చునేవాడు. నేను టీ తీసుకుని తలుపు తీస్తే తల తిప్పకుండానే చెయ్యి ఎత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా నేను గడప దగ్గరే ట్రే పట్టుకుని నిలబడాలి. నేను నడిస్తే లేచే గాలికి కూడా త్రాసు ముల్లు ఊగుతుందట.

మొదటి ఏడాది నాకు ఇదంతా ముసలితనపు చాదస్తం అనిపించింది. తర్వాత చాదస్తమో కాదో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నేను ఆ ఇంటికి రాకముందు ఈ గల్ఫు దేశంలోనే సల్వా అనే పేటలో ఒక ఇంట్లో ఇంటిపని చేశాను. అక్కడి పిల్లలు పెద్దవాళ్లయ్యాక మిష్రిఫ్‌లో ఈ ఇంటికి మారాను. ఇంటి యజమాని పెద్ద బాబా కొడుకు. మా కఫీల్ ఆయనే; ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఆయన చేయిస్తేనే మాకు వస్తుంది. ఆయన భార్యను మేమంతా మామా అంటాం. పెద్ద బాబా భార్య పోయి చాలా కాలమైంది. ఆయన మేడమీద గదిలో పడుకునేవాడు, దాని పక్క గదిలో తుపాకి పని చేసుకునేవాడు. తుపాకి ఇనప్పెట్టెలో ఉండేది. దాని లైసెన్సు కాగితం అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఏటా చలికాలంలో ఇద్దరు ముగ్గురు పాత స్నేహితులతో ఎక్కడో కొండల దేశానికి వెళ్లి కొండమేకలను వేటాడి వచ్చేవాడు. వాటి కొమ్ములు గోడ మీద ఉండేవి. వారానికి ఒకసారి వాటి దుమ్ము దులపడం నా పని.

నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, అంకెలు మాత్రం గుర్తు పడతాను. అందుకని బాబా తూచినప్పుడల్లా ఒక పుస్తకంలో ఏం రాసుకునేవాడో నాకు తెలియదు. అంకెల పక్కన అంకెలు, మధ్యలో గీతలు. ఒక గీతకు ఇంకో గీతకు తేడా నా కంటికి కనిపించేది కాదు.

నాకు అర్థమైనంతవరకు ఆ పని ఇదీ. తూటా పేలితే గుండు వెళ్లిపోతుంది, ఇత్తడి గుల్ల మిగులుతుంది. అందరూ ఆ గుల్లను అక్కడే పారేసి వస్తారు. ఈయన పారెయ్యడు. ఇంటికి తెచ్చి, బల్లకు బిగించిన మరలో పెట్టి పిడి నొక్కి దాన్ని మళ్లీ కొలతకు తెస్తాడు. అడుగున దెబ్బకు నిప్పు పుట్టే కొత్త కేపు కూరుస్తాడు, మందు తూచి పోస్తాడు, పైన కొత్త గుండు దిగేస్తాడు. ఒక్కో గుల్ల అట్లా నాలుగైదు సార్లు పని చేస్తుంది. ఈ మాట తెలిసిన రోజు నాకు ఆయన మీద గౌరవం పుట్టింది. పెరుగు డబ్బాలు కడిగి దాచుకునేదాన్ని నేను. అన్నం వార్చిన గంజిని మొక్కలకు పోసేదాన్ని. ఇంత పెద్ద ఇంట్లో నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని సంతోషపడ్డాను.

కానీ ఆ సంతోషం నిలవలేదు. అంత పొదుపుగా చేసిన తూటాలను ఆయన వేటకు దాచేవాడు కాదు. ఐదు తూటాల్లో ఒక కొలత మందు, ఇంకో ఐదింట్లో దానికంటే చిటికెలో చిటికెడు ఎక్కువ, మరో ఐదింట్లో ఇంకాస్త ఎక్కువ పోసేవాడు. కారెక్కి ఊరి బయట తుపాకులు కాల్చే మైదానానికి వెళ్లి, అన్నీ కాగితం మీద పేల్చి వచ్చేవాడు. చిల్లులు పడ్డ కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి చిల్లుకూ చిల్లుకూ మధ్య దూరం కొలిచేవాడు. మేక కోసం కాదు, మాంసం కోసం కాదు, కాగితం కోసం. పొదుపు మనిషా, దుబారా మనిషా అని నేను గిన్నెలు తోముతూ తోముతూ ఆలోచించేదాన్ని. ఒక పూట ఒకటనిపించేది, ఇంకో పూట ఇంకొకటి.

ఇంటి డ్రైవరు రాయచోటి మనిషి, సాయిబుల అబ్బాయి. అబ్బాయి అంటున్నాను కానీ నలభై దాటినవాడే. బాబాను మైదానానికి తీసుకువెళ్లేది అతనే. నన్ను అవ్వా అంటాడు. ఒకసారి అడిగాను, ఇదంతా ఎందుకని. ఏ కొలత మందుకు ఐదు చిల్లులూ ఒకే చోట పడతాయో అదే ఆ తుపాకికి సరిపోయే మందని చెప్పాడు. ఒకటి తగిలితే చాలదా అన్నాను. దానికి అతను నవ్వి కారు తుడుచుకోవడానికి పోయాడు. అతనికీ తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

తుపాకి నాకు కొత్త కాదు. మా నాయన శెనక్కాయ చేనికి అడవిపందులు రాకుండా నాటుతుపాకి పట్టుకుని కాపలా ఉండేవాడు. మందు అరచేతిలో పోసుకుని కంటితోనే కొలిచేవాడు. త్రాసు లేదు, పుస్తకం లేదు. మా మేనమామ కూడా అట్లాగే కొలిచాడు. ఒకరోజు తుపాకి ముందుకు కాకుండా వెనక్కు పేలింది. రెండు వేళ్లు, ఒక కన్ను పోయాయి. ఆయన మంచం పక్కన కూర్చుని గంజి తాగించింది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందుకని తుపాకి పగలడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పెద్ద బాబాకు ఎడమకన్ను ఎప్పుడో మసకబారింది. ఆపరేషన్ చేసినా సరిగ్గా రాలేదు. గురి చూసేది కుడికన్నుతోనే. పేపరు చదివేదీ, నన్ను చూసి గుర్తుపట్టేదీ ఆ కంటితోనే. తుపాకి పేల్చేటప్పుడు ఆ కన్ను, ఆ చెంప తుపాకికి ఆనించి ఉంటాయి. ఈ సంగతి ముందే తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుందని రాస్తున్నాను.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం మామా నన్ను పిలిచి, సాయంత్రం చుట్టాలు వస్తున్నారని, మేడమీద అన్ని గదులూ శుభ్రం చెయ్యమని చెప్పింది. పెద్ద బాబా కంటి పరీక్షకు ఆసుపత్రికి వెళ్లాడు. ఆ తుపాకి గది నేను ఊడుస్తాను, తుడుస్తాను కానీ బల్ల మీద చెయ్యి పెట్టను. ఆ రోజు మామా గుమ్మంలో నిలబడి బల్ల వైపు చూసి, ఆ పాత డబ్బాలు కూడా తీసెయ్యి, అసహ్యంగా ఉన్నాయి అంది.

బల్ల మీద ఒక పెద్ద డబ్బా నిండా ఖాళీ గుల్లలు ఉన్నాయి. కిటికీ దగ్గర ఖర్జూరాలు వచ్చిన చిన్న రేకు డబ్బాలో ఇంకొన్ని ఉన్నాయి. నా చూపుడువేలంత పొడవు గుల్లలు. అడుగున, నడుముకు మొలతాడు కట్టినట్టు ఒక పట్టీ. మాగ్నమ్ అంటే ఇట్లాంటి పెద్ద తూటా అని బాబా ఒకసారి చెప్పాడు. అన్నీ పొగచూరి, నల్లబడి, చూడటానికి బాగాలేవు. ఇత్తడి నల్లబడి ఉంటే నాకు చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో ఇత్తడి బిందె పచ్చగా మెరవకపోతే మా అమ్మ నీళ్లు పట్టనిచ్చేది కాదు.

ముందురోజు చారుకు పిండిన చింతపిప్పి ఒక గిన్నెలో దాచి ఉంచాను. పారేసే అలవాటు నాకు లేదు. దానికి కాస్త ఉప్పు కలిపి, ముందు పెద్ద డబ్బావి, తర్వాత చిన్న డబ్బావి ఒక బేసిన్‌లో వేసి ఒక్కొక్కటే తోమాను. చిన్న డబ్బాలోని గుల్లలకు పట్టీ పైన సన్నటి గీత ఒకటి ఉంది, దారం చుట్టినట్టు చుట్టూ. కొన్నింటికి మెరుస్తూ, కొన్నింటికి మసగ్గా. అది మరక అనుకున్నాను. బొటనవేలితో గట్టిగా రుద్దాను. గుల్ల మొత్తం మెరిసేసరికి ఆ గీత అందులో కలిసిపోయింది. కడిగి, మిద్దె మీద తెల్లగుడ్డ పరిచి, వడియాలు పెట్టినట్టు వరసగా ఎండబెట్టాను. ఎండాక అన్నీ పెద్ద డబ్బాలో పోశాను. చిన్న డబ్బా మంచిది, మూత బిగువుగా ఉంది. ధనియాలకు పనికొస్తుందని వంటింట్లోకి తెచ్చుకున్నాను.

సాయంత్రం బాబా వచ్చి డబ్బా మూత తీశాడు. గుప్పెడు గుల్లలు తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశాడు. ఇవి ఎవరు చేశారు అన్నాడు. నేనే అన్నాను. తిడతాడేమో అనుకున్నాను. ఆయన నవ్వాడు. అంగట్లో కొన్న కొత్తవాటికంటే బాగున్నాయన్నాడు. ఆ రోజంతా నేను మెడ నిలబెట్టుకుని తిరిగాను. ఎవరూ మెచ్చుకోని ఇంట్లో మెచ్చుకున్న ఒక్క మాట అది.

మూడు రోజులు ఏసీ ఆగింది, మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. బాబా తూటాలు చేస్తున్నాడు. గురువారం మైదానానికి వెళ్లాలి, ఈసారి చివరి కొలత తేలిపోవాలి, తర్వాత వేటకే. స్నేహితుల్లో ఒకాయనకు గుండె జబ్బు, ఇంకొకాయనకు మోకాళ్లు. మళ్లీ ఏడాది ముగ్గురూ వెళ్తారో లేదో అని మామా ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను.

బుధవారం ఉదయం డ్రైవరు వంటింట్లోకి టీ కోసం వచ్చాడు. గట్టు మీద ఉన్న రేకు డబ్బాను చూసి, అది నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని అడిగాడు. చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"దాంట్లో ఉన్నెవి ఏం జేసినావవ్వా?"

"తోమి పెద్ద డబ్బాలో ఏసినా. ఏం?"

అతను వంటింటి తలుపు దగ్గరికి వేసి వచ్చి మెల్లగా చెప్పాడు. పోయినసారి మైదానంలో కాల్చాక బాబా గుల్లలను ఒక్కొక్కటే చూసి, నడుము దగ్గర గీత పడ్డవాటిని ఏరి వేరే పెట్టాడట. అక్కడ ఇత్తడి లోపల పలచబడిపోయిందని, ఇంకోసారి పేలిస్తే అడుగు ఊడిపోయి మంట వెనక్కి కొడుతుందని చెప్పాడట. ఆ చిన్న డబ్బాను చెత్తలో పారెయ్యమని డ్రైవరు చేతికే ఇచ్చాడు. ఇతను మేడ మీద కిటికీలో పెట్టి, ఫోను వస్తే మాట్లాడుతూ కిందికి దిగి, మరిచిపోయాడు. బాబా అవి ఎప్పుడో చెత్తలో పోయాయనుకుంటున్నాడు.

నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. గీత అంటే మరక కదా. మరకను తీస్తే శుభ్రం అవుతుంది కదా. శుభ్రం చేసింది తప్పు ఎట్లా అయింది? ఆ గీత నిజంగా చూశానా, డ్రైవరు చెప్పాక చూసినట్టు అనుకుంటున్నానా అని కూడా అనుమానం వచ్చింది. కానీ బొటనవేలు మరిచిపోలేదు. గట్టిగా రుద్దింది ఆ వేలే.

ఎన్ని ఉన్నాయి అని అడిగాను. తొమ్మిది అన్నాడు. నాకు ఏడే అని గుర్తు. గుడ్లు ఎన్నున్నాయో రోజూ లెక్కపెట్టేదాన్ని, వీటిని లెక్కపెట్టలేదు.

"పోయి చెప్దాం పా" అన్నాను.

అతను చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "అవ్వా, నీకు దండం పెడతా. ఈ నెల్లోనే నా ఇఖామా కొత్తది జెయ్యాల. కఫీల్ ఆయన కొడుకే గదా. పారెయ్యమంటే పారెయ్యలేదని తెలిస్తే నన్ను పంపిచ్చేస్తారు. ఏం గాదులే, అన్నిసార్లు కాల్చినాడు, ఎప్పుడన్నా ఏమన్నా అయిందా?"

"ఆ ముసలాయన మొగం పగిలినంక నీ ఇఖామా ఎవురు జేస్తార్రా?" అన్నాను.

అతను తలుపు తీశాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు. చల్లారిన ఆ టీని నేను మధ్యాహ్నం వేడిచేసుకుని తాగాను. ఎందుకు రాస్తున్నానంటే, ఆ టీ తాగేదాకా నేను కూడా మేడ ఎక్కలేదు. గబగబా వెళ్లి చెప్పేశానని రాసుకోవచ్చు, చూసినవాళ్లు ఎవరూ లేరు. కానీ నేను వెళ్లలేదు. ఉల్లిపాయలు తరిగాను. చేపలు కడిగాను. నా జన్మలో నేను తప్పు చేశానని ఎవరి ముందూ చెప్పలేదు. ఊళ్లో నా కోడళ్ల ముందు చెప్పలేదు, సల్వా ఇంటి మామా ముందు చెప్పలేదు. నోరు ఎట్లా తెరవాలో తెలియలేదు. మళ్లీ మేనమామ గుర్తుకొచ్చాడు. గంజి చెంచా నోటి దాకా వెళ్లేలోపు ఆయన మిగిలిన కన్నుతో చెంచాను వెతుక్కునేవాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మేడ ఎక్కాను. బాబా బల్ల దగ్గర ఉన్నాడు. తూటాలు పన్నెండు, తయారైనవి, పెట్టెలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను తోమిన ఇత్తడే. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను.

మా మాటలు అరబ్బీలో, మధ్యలో హిందీ. ఆయన నన్ను ఇంట్లో పిల్లల్లాగే యుమ్మా, అంటే అమ్మా, అని పిలిచేవాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైనా. ఇక్కడ మన మాటల్లోనే రాస్తున్నాను.

"బాబా, కిటికీలో చిన్న డబ్బా ఉండె. గీతలు పడినెవి. నేను తోమి అన్నీ కలిపేసినా."

ఆయన అర్థం కానట్టు చూశాడు. మళ్లీ చెప్పాను. ఈసారి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి వాసన చూశాడు. ధనియాల వాసన. పెట్టెలోని పన్నెండు తూటాల వైపు, పక్కన ఖాళీ గుల్లల వైపు, నా వైపు చూశాడు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఈ డబ్బా కిటికీలోకి ఎట్లా వచ్చింది?" అని అడిగాడు.

"నాకు తెలీదు. నేను తీసుకున్నె తావు చెప్తాండా" అన్నాను.

డ్రైవరు గడప అవతలే ఉన్నాడని నాకు తెలియదు. మెట్లెక్కి వచ్చి ఎంతసేపయిందో. లోపలికి వచ్చి, నేనే పెట్టి మరిచిపోయానని హిందీలో చెప్పాడు. బాబా అతన్ని చూసి, ఖలాస్ అన్నాడు. ఆ మాటకు అయిపోయింది అని అర్థం. అతని ఉద్యోగం అయిపోయిందనా, మాట అయిపోయిందనా, మా ఇద్దరికీ తెలియలేదు. తర్వాత పది రోజులకు అతని ఇఖామా కొత్తది వచ్చింది, అప్పుడు తెలిసింది.

బాబా మొదట ఆ పన్నెండు తూటాలను విప్పాడు. సుత్తిలాంటి పనిముట్టు ఒకటి ఉంది. దాంట్లో తూటా పెట్టి కొయ్యదుంగ మీద కొడితే గుండు, మందు ఊడి వస్తాయి. పన్నెండు సార్లు కొట్టాడు. మూడు రోజులు ఊపిరి బిగబట్టి తూచిన మందు మళ్లీ సీసాలోకి పోయింది. నాకే ప్రాణం ఉసూరుమంది.

తర్వాత సొరుగులోంచి ఒక పాత గుల్ల తీసి చూపించాడు. దాన్ని ఎప్పుడో నిలువుగా రెండు చీలికలుగా కోసి ఉంచాడు. లోపలి గోడ పై నుంచి కింది దాకా నున్నగా ఉంది, పట్టీ దగ్గర మాత్రం ఒక సన్నటి గాడి. వాననీళ్లు తొలిచిన కాలవలా. బయట కనిపించే గీతకు లోపల ఉండేది ఇదని చెప్పాడు. బయట గీత నువ్వు చెరిపేశావు, లోపల గాడి చెరగదు అన్నాడు. సన్నటి తీగకు కొసన కొక్కెంలా వంచి, గుల్ల మూతిలోంచి లోపలికి దించి, గోడ వెంబడి పైకి లాగాడు. గాడి ఉంటే తీగ అక్కడ తట్టుకుంటుందట.

ఆయన రెండు గుల్లలు చూశాడు. మూడోది చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. తీగ బల్ల మీద పెట్టేశాడు. చక్కెర జబ్బు ఆయన వేళ్లలోకి వచ్చి చాలా కాలమైంది. వేడి టీ గ్లాసును కూడా కాలుతున్నట్టు తెలియకుండా పట్టుకునేవాడు. తీగ తట్టుకుంటోందో లేదో ఆ వేళ్లు చెప్పడం లేదు.

తీగ నా వైపు జరిపాడు.

నేను చీరకొంగుకు చేతులు తుడుచుకుని, ముందు కోసిన గుల్ల మీద గీశాను. తట్టింది. బియ్యంలో మెరిక వేలికి తగిలినట్టు. యాభై ఏళ్లు బియ్యం ఏరిన వేళ్లు ఇవి. కళ్లు మూసుకుని కూడా రాయి ఏదో, వడ్లగింజ ఏదో చెప్పగలను. కింద చాప మీద కూర్చుని, పెద్ద పళ్లెంలో గుల్లలన్నీ పోసుకుని మొదలుపెట్టాను. డ్రైవరు నా పక్కన కూర్చుని, చూసిన గుల్లలను అందుకున్నాడు.

మంచివి ఒక కుప్ప, తట్టినవి ఒక కుప్ప. కాసేపటికి మూడో కుప్ప తయారైంది, తెలియనివి. తీగ తట్టినట్టే ఉంటుంది, మళ్లీ లాగితే తట్టదు. మొదట్లో ఇట్లాంటివి రెండే. పోనుపోను ఎక్కువయ్యాయి. బియ్యం అయితే రాయి కళ్లకు కనిపిస్తుంది, ఏరి పారేస్తే అయిపోతుంది. ఇక్కడ చేతికి తగిలేది నిజమో, తగులుతుందేమో అన్న భయమో నాకు తేడా తెలియలేదు.

అన్నీ అయ్యాక చూస్తే తట్టినవి ఆరు. తెలియనివి ఐదు. నేను ఏడంటున్నాను, డ్రైవరు తొమ్మిదంటున్నాడు. ఏడైతే తెలియని ఐదింట్లో ఒకటి చెడ్డది. తొమ్మిదైతే మూడు చెడ్డవి. అసలు ఇద్దరం తప్పైతే?

"ఇంకోసారి చూడు" అన్నాడు బాబా.

ఇంకోసారి చూశాను. ఈసారి తెలియనివి ఏడయ్యాయి. ముందు మంచివన్నవి రెండు వాటిలోకి వచ్చి చేరాయి.

"తెలీనెవన్నీ పారెయ్యి బాబా" అన్నాను.

ఆయనకు మనసు రాలేదు. ఈ గుల్లలు మళ్లీ తెప్పించాలంటే కాగితాలకు నెలలు పడుతుందని, మంచి ఇత్తడి అని, సగం మంచివే అయి ఉంటాయని చెప్పాడు. ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పట్టి చూస్తూ, ఇది బాగానే ఉంది కదా, ఇది బాగానే ఉంది కదా అన్నాడు. చిరిగిన బనీను నేను పారెయ్యలేక పట్టుకుని చూసే చూపే అది. నాకు కోపం వచ్చింది. నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టు ఉంది.

"బాబా, ఇంత బతుకు బతికి నేను ఆరిపోయిన టీ గూడా పారబోసింది లేదు. అట్లాంటిదాన్ని నేను చెప్తాండా. ఇవి పారెయ్యి. నీకుండేది ఒక కన్ను."

డ్రైవరు తల దించుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఆయన ముందు అనరు. బాబా నన్ను చూశాడు, ఆ ఒక్క కంటితోనే. తర్వాత పటకారు తీసి డ్రైవరుకు ఇచ్చాడు. పదమూడు గుల్లల మూతులనూ అతను ఒక్కొక్కటే నలిపాడు, మళ్లీ ఎవరూ వాడకుండా. ఇత్తడి నలిగే చప్పుడుకు నాకూ బాబాకూ ఇద్దరికీ మొహం ముడుచుకుంది.

మిగిలిన మంచివి కూడా వద్దని చెప్పాను. నా వేలి మాట మీద పెట్టుకోవద్దన్నాను. బాబా విన్నట్టు లేదు. మరునాడు వెళ్లలేదు కానీ, ఆ వారమంతా ఏసీ ఆపి, ఆ మంచివాటితోనే మళ్లీ ఐదైదు చొప్పున తూటాలు చేశాడు. నేను టీ తీసుకుని వెళ్తే చెయ్యి ఎత్తేవాడు. నేను గడపలో నిలబడేదాన్ని. ఈసారి నేను కూడా ఊపిరి బిగబట్టాను. ఎందుకో తెలియదు.

పై గురువారం పొద్దున వాళ్లు మైదానానికి వెళ్లారు. నేను ఆ రోజు మజ్బూస్ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. మామా రుచి చూసి నా మొహం చూసింది. ఆ ఇంటికి వచ్చాక ఒక పూట తిండి చెడగొట్టింది అదే మొదలు. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో తూటాకు ఒక్కోసారి చెంప ఆనిస్తాడు. అందులో ఒక్కసారి నా వేలు తప్పైతే? నేను లెక్కపెట్టలేను, పెట్టకుండానూ ఉండలేను.

మధ్యాహ్నం జుహర్ బాంగు అయ్యాక కారు వచ్చింది. పరిగెత్తలేదు, పరిగెత్తే వయసు కాదు. తలుపు తీసి నిలబడ్డాను. బాబా తన కాళ్ల మీదే దిగాడు. మొహం మామూలుగానే ఉంది. కుడికన్నుతో నన్ను చూసి యుమ్మా అన్నాడు. నేను గుమ్మాన్ని పట్టుకున్నాను.

మేడ మీదికి రమ్మన్నాడు. కాగితం పరిచి చూపించాడు. ఐదు చిల్లులు ఒకదానిమీద ఒకటి పడినట్టు, నా బొటనవేలు పెడితే అన్నీ మూసుకుపోయేటంత చోటులో ఉన్నాయి. ఇదే కొలత అన్నాడు, ఖలాస్. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. దాన్ని చూసి ఏమి సంతోషం రావాలో నాకు తెలియలేదు కానీ, బాగుంది బాబా అన్నాను.

తర్వాత కాల్చిన గుల్లలను నా ముందు పోశాడు. మళ్లీ నల్లబడ్డాయి. నా తోముడంతా పోయింది. వాటిని ఒక్కొక్కటే తిప్పి చూస్తూ, ఒకదాన్ని పక్కన పెట్టాడు. నేను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. పట్టీ పైన, దారంలా, ఒక సన్నటి మెరుపు. పూర్తిగా చుట్టూ లేదు. సగం దాకా వచ్చి ఆగింది.

అది నేను మంచిదన్న కుప్పలోది.

"ఇది ఇప్పుడే మొదలైంది" అన్నాడు బాబా. "నువ్వు చూసినప్పుడు బాగానే ఉండి ఉంటుంది."

ఉండి ఉంటుంది అన్నాడు. ఉంది అనలేదు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే గుల్లలు అట్లా ఒక్క దెబ్బకు పాడవుతాయో నాకు తెలియదు. తీగ తీసుకుని లోపల గీశాను. తట్టినట్టే ఉంది. మళ్లీ గీశాను. ఆ రోజు చాప మీద కూర్చున్నప్పుడు కూడా ఇట్లాగే తట్టిందా, నేను వినిపించుకోలేదా? ఎంత ఆలోచించినా ఆ గుల్ల నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో గుర్తుకు రాదు. అన్నీ ఒకే రకంగా మెరుస్తున్నాయి ఆ రోజు.

బాబా రేకు డబ్బా నా ముందుకు తోశాడు. మూత తీస్తే ఇంకా ధనియాల వాసనే. ఆ గుల్లను అందులో వేశాను. మూత బిగించి, డ్రైవరు చేతికి ఇవ్వకుండా, నేనే మెట్లు దిగి వెళ్లి చెత్తబండిలో డబ్బాతో సహా పారేశాను. మంచి డబ్బా. మూత బిగువుగా ఉండేది.